గరిజె లాంటి సబ్బు గోలీ

అరచేతిలో పెట్టుకుంటే మెత్తగా ఉంటుంది. లోపల నీలం రంగుదో, ఆకుపచ్చదో ద్రవం అటూ ఇటూ కదులుతుంటుంది. పైన ప్లాస్టిక్ కవరు లాంటిదే ఉంటుంది కానీ దాన్ని చింపకూడదు. కత్తెర అసలే పెట్టకూడదు. అలాగే తీసుకెళ్లి, గిన్నెలు కడిగే మిషన్ తలుపుకి ఉన్న చిన్న అరలో పెట్టి మూత వేయాలి. గంటో రెండు గంటలో అయ్యాక తలుపు తీస్తే గిన్నెలు తళతళలాడుతుంటాయి. గోలీ లేదు. దాని కవరూ లేదు. ఏమైనట్టు?

హైదరాబాద్‌లో కొడుకు ఇంటికో, అమెరికాలో కూతురి ఇంటికో వెళ్లొచ్చిన పెద్దవాళ్లు ఊళ్లో చెప్పుకునే వింతల్లో ఇప్పుడు ఇదొకటి. సంగారెడ్డి జిల్లా నారాయణఖేడ్ పక్కనున్న కల్హేర్ లాంటి చోట బోళ్లు తోమడమంటే ఇంటి వెనక జాలారి దగ్గర పీటేసుకుని కూర్చోవడమే. చేతిలో పీచు, పక్కన బూడిద, కాదంటే సబ్బు బిళ్ల. ఒక గోలీ ఖరీదుకి ఆ సబ్బు బిళ్ల ఒకటి వచ్చేస్తుంది! మరి ఇరవై గ్రాములకు అటూ ఇటూ తూగే ఆ గోలీలో అంత గొప్పేముంది?

ఉంది. చూడ్డానికి చాక్లెట్‌లా ఉన్నా తయారుచేసేవాళ్లకు అది చుక్కలు చూపిస్తుంది. సబ్బుల పరిశ్రమలో ఇంత పేచీకోరు సరుకు తక్కువే.

ముందు మిషన్ సంగతి చూద్దాం. పని మనుషులు కడిగితే తన పింగాణీ గిన్నెల అంచులు పగిలిపోతున్నాయని విసిగిపోయిన జోసెఫిన్ కాక్రన్ అనే అమెరికా మహిళ, 1886లో గిన్నెలు కడిగే యంత్రానికి పేటెంట్ తీసుకుంది. 1893లో షికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో అది పేరు తెచ్చుకుంది. అప్పట్లో కొన్నది ఎక్కువగా హోటళ్లవాళ్లే. మన నగరాల్లో అయితే 2020 లాక్‌డౌన్‌లో పనిమనిషి గుమ్మం దాటి రాలేని రోజుల్లో చాలా ఇళ్లు తొలిసారి దాని వైపు చూశాయి. ఇందులో గిన్నెల్ని రుద్దేవాళ్లు ఎవరూ ఉండరు. వేడి నీటిని జోరుగా చిమ్మడమొక్కటే మిషన్ చేసే పని. పీచు, చెయ్యి, బూడిద... ఈ మూడూ చేసే పనిని ఆ నీళ్లలో కలిసిన మందే చేయాలి.

అందుకే సింకు దగ్గర వాడే లిక్విడ్‌ని ఇందులో పోస్తే పని జరగదు సరికదా, వంటగది నిండా నురగ పొంగుతుంది. నురగ వస్తే తళతళలాడినట్టేనని మనకో నమ్మకం. మిషన్‌కు నురగే శత్రువు. పంపులోకి నీటికి బదులు గాలి చేరి, చిమ్మే జోరు పడిపోతుంది. కాబట్టి గోలీలో వాడే సబ్బు పదార్థాలు దాదాపు నురగ రానివై ఉండాలి.

మన ఎంగిలి కంచం

ఒక కంచాన్ని పరీక్షగా చూడండి. అంచున ఎండిన అన్నం మెతుకులు, పప్పు చార, మాంసం కూర నూనె జిడ్డు, పక్కనే అడుగంటిన పాలగిన్నె. ఒక్కోదానికి ఒక్కో మందు కావాలి. ఎండిన మెతుకు అంటే గంజి. దాన్ని ముక్కలు చేయడానికి అమైలేజ్ అనే ఎంజైము ఉంటుంది. అన్నం ముద్దని ఎక్కువసేపు నమిలితే తియ్యగా అనిపిస్తుందే, మన లాలాజలంలోని అదే జాతి ఎంజైము వల్లే! పప్పు, పాలు, గుడ్డు మాంసకృత్తులు కాబట్టి వాటికి ప్రొటియేజ్. బట్టలుతికే సరుకులో ఇలాంటి ఎంజైముని వాడొచ్చని జర్మనీ రసాయన శాస్త్రవేత్త ఒట్టో రోమ్ 1913లోనే చూపించాడు. ఇక జిడ్డుకి క్షారం ఉండాలి. బూడిద చేసేదీ అదే. కట్టెల బూడిదలోని పొటాషియం కార్బొనేట్ నూనెతో కలిసి అక్కడికక్కడే కాస్త సబ్బుగా మారుతుంది. మన అమ్మమ్మలు పేర్లు తెలియకుండానే చేసిన కెమిస్ట్రీ అది.

అన్నిటికన్నా మొండిది పసుపు. మంగళహారతికి పసుపు నీళ్లలో కాస్త సున్నం వేయగానే ఎర్రగా మారడం అందరికీ తెలుసు. మిషన్‌లోనూ అదే జరుగుతుంది. క్షారం తగలగానే ప్లాస్టిక్ డబ్బాకు పట్టిన పసుపు ఎర్రబారుతుంది, పోదు. దాన్ని పోగొట్టాలంటే ఆక్సిజన్‌ని విడుదల చేసే బ్లీచ్ కావాలి. సాధారణంగా సోడియం పెర్‌కార్బొనేట్ వాడతారు. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. బ్లీచ్, ఎంజైమూ ఒక చోట ద్రవంలో కలిసి ఉంటే నెల తిరక్కుండానే బ్లీచ్ ఎంజైముని చంపేస్తుంది. అందుకే చాలా గోలీల్లో రెండు మూడు అరలుంటాయి. ఒక అరలో పొడి, ఇంకో అరలో ద్రవం. ఆ రంగులన్నీ అందం కోసమే అనుకుంటాం కానీ లోపల అత్తాకోడళ్లను వేర్వేరు గదుల్లో పెట్టినట్టన్నమాట!

నీటి సంగతీ తక్కువది కాదు. బోరు నీళ్లు వాడే ఇళ్లల్లో బకెట్ అంచున తెల్లటి పొర కడుతుంది చూడండి, అదే గాజు గ్లాసుల మీద మచ్చలై కనిపిస్తుంది. కల్హేర్ వైపు ఇళ్లకు సింగూరు నుంచి మిషన్ భగీరథ నీళ్లు వస్తాయి. అవి రాని పూట బోరే దిక్కు. నీటిలోని కాల్షియం, మెగ్నీషియం పని పట్టడానికి ఒకప్పుడు ఫాస్ఫేట్లు వాడేవారు. చవకగా, అద్భుతంగా పని చేసేవి. కానీ ఆ నీళ్లు చేరిన చెరువుల్లో నాచు విపరీతంగా పెరిగిపోయింది. హైదరాబాద్ చెరువుల్లో గుర్రపుడెక్క ఎలా బలుస్తుందో చూసినవాళ్లకి ఎరువు నీటిలో కలిస్తే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. అమెరికాలో పలు రాష్ట్రాలు 2010లో, ఐరోపా సమాఖ్య 2017లో మిషన్ సబ్బుల్లోని ఫాస్ఫేట్లకు కళ్లెం వేశాయి. వాటి స్థానంలో నిమ్మ ఉప్పు జాతికి చెందిన సిట్రేట్లు, ఎంజీడీఏ లాంటి కొత్త పదార్థాలు వచ్చాయి. అవి ఖరీదు. గోలీ ధరలో కొంత భాగం అక్కడికే పోతుంది.

పూర్ణం వదులైతే...

ఇప్పుడు అసలు విడ్డూరం. నీటిలో కరిగే కవరులో ద్రవాన్ని పెట్టాలి. మామూలు లిక్విడ్ సబ్బులో ఎక్కువ భాగం నీళ్లే. మరి కవరు డబ్బాలోనే కరిగిపోదా?

గరిజెలు చేసేవాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. లోపల పెట్టే పూర్ణం తడిగా ఉంటే పిండి మెత్తబడి, నూనెలో వేయగానే విచ్చుకుంటుంది. మరీ పొడిగా ఉంటే రాలిపోతుంది. గోలీ కూడా అంతే. లోపలి ద్రవంలో నీరు చాలా తక్కువగా, మామూలుగా పదో వంతుకు మించకుండా చూస్తారు. మిగతా పలచదనం కోసం గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్ లాంటివి వాడతారు. అలాగని నీటిని బొత్తిగా తీసేసినా కుదరదు. కవరు తనలోని కొద్దిపాటి తేమ వల్లే మెత్తగా సాగుతూ ఉంటుంది. లోపలి ద్రవం మరీ పొడిగా ఉంటే ఆ తేమని లాగేసుకుంటుంది. అప్పుడు కవరు అప్పడంలా పెళుసుబారి, డబ్బా కిందపడగానే చిట్లిపోతుంది. ఎక్కువైతే జిగురు, తక్కువైతే పెళుసు. ఈ రెండింటి మధ్య నడవడానికే కంపెనీలు ఏళ్ల తరబడి తంటాలు పడ్డాయి.

ఆ కవరు పేరు పాలీవినైల్ ఆల్కహాల్. జర్మనీలో హెర్మన్, హేనెల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1924లో తయారుచేశారు. 1950లో జపాన్‌కు చెందిన కురారే కంపెనీ దాని నుంచి వినైలాన్ అనే నూలు తీయడం మొదలుపెట్టింది. అదే కంపెనీ 2012లో, నీటిలో కరిగే పొరలు చేసే అమెరికా సంస్థ మోనోసోల్‌ని కొనేసింది. బట్టల సబ్బు గోలీలు టైడ్ పాడ్స్ పేరుతో అమెరికా బజారుని ముంచెత్తిన సంవత్సరం కూడా 2012. ఆ పొరకి సబ్బు ఒక్కటే పని కాదు. ఆసుపత్రుల్లో రోగుల మైల బట్టలు చేత్తో ముట్టకుండా, సంచీతో సహా ఉతికే మిషన్‌లో పడేయడానికి అలాంటి సంచులే వాడతారు. పురుగుమందు పొడిని కూడా ఇలాంటి సంచుల్లోనే అమ్మే పద్ధతి ఉంది. చేతికి అంటకుండా సంచీని అలాగే డ్రమ్ము నీళ్లలో వేసేయొచ్చు. పత్తి చేలల్లో ముక్కుకి రుమాలైనా కట్టుకోకుండా మందు కలిపే రైతుని చూసినవాళ్లకి, ఈ పొర గిన్నెల కన్నా అక్కడే ఎక్కువ అవసరం కదా అనిపిస్తే తప్పు లేదు.

ఈ పొర ఇంకో రకంగానూ సతాయిస్తుంది. ద్రవంలో ఎంజైములు చెడకుండా ఉండటానికి సబ్బుల వాళ్లు ఒకప్పుడు బోరాక్స్‌ని, అంటే వెలిగారాన్ని కలిపేవారు. సీసాలో అయితే చక్కగా పనిచేసింది. గోలీలో మాత్రం బోరాక్స్ ఈ పొరలోని అణువుల మధ్య ముడులు వేసేస్తుంది. ఇక అది నీళ్లలో కరగనంటుంది! పిల్లలు జిగురులో బోరాక్స్ కలిపి సాగే స్లైమ్ చేసుకునేది ఆ ముడుల వల్లే. సీసాలో అమృతమైంది గోలీలో విషమైందన్నమాట. బలమైన క్షారంతోనూ ఇలాంటి పేచీయే. చల్లటి నీళ్లలో ఇట్టే కరగాల్సిన పొర, క్షారం పక్కన నెలల తరబడి ఉండి ఉండి, వేడి నీళ్లకు తప్ప లొంగని పొరగా మారిపోతుంది. మిషన్ అరలో జెల్లీ ముద్దలా ఏదో మిగిలిపోయిందంటే కారణాల్లో ఇదొకటి. తడి చేత్తో పెట్టడం ఇంకొకటి.

కల్హేర్‌లో చేయొచ్చా?

ఫినాయిల్, గిన్నెల లిక్విడ్, సబ్బులు ఇళ్లలోనే చేసి అమ్ముకునే మహిళా సంఘాలు చాలా ఊళ్లల్లో ఉన్నాయి. 'ఇది మనమూ చేయలేమా?' అని వాళ్లలో ఎవరికైనా అనిపించడం న్యాయమే. జిల్లాలోనే పటాన్‌చెరు, బొల్లారం రసాయన పరిశ్రమలున్నాయి. ముడిసరుకు దొరకని పరిస్థితి కాదు.

అయితే ఫినాయిల్‌కు డ్రమ్ము, కర్ర ఉంటే సరిపోతుంది. గోలీకి అలా కాదు. పొరని వేడిచేసి, గుంటలున్న అచ్చులోకి గాలితో లాగాలి. ఆ గుంటలో లెక్క ప్రకారం ద్రవం పోయాలి. మీద ఇంకో పొరని నీటితో కొద్దిగా తడిపి అతికించాలి, ఆనక కోయాలి. ఇదంతా గాలిలో తేమ అదుపులో ఉన్న గదిలోనే చేయాలి. జూలై, ఆగస్టుల్లో ముసురు పట్టినప్పుడు పాపడాలే మెత్తబడిపోయే ఇంట్లో ఆ పొర చుట్ట విప్పితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. అతుకు దగ్గర సూది మొనంత సందున్నా ఒక్క గోలీ కారి డబ్బాలోని మిగతా గోలీలన్నింటినీ ముద్ద చేస్తుంది.

అంతకన్నా ముఖ్యమైంది పనిచేసేవాళ్ల ఊపిరితిత్తులు. 1960ల చివర్లో పాశ్చాత్య దేశాల సబ్బు ఫ్యాక్టరీల్లో ఎంజైముల పొడి పీల్చిన కార్మికులకు ఉబ్బసం పట్టుకుంది. ఆ తర్వాతే ఎంజైముని దుమ్ము లేవకుండా మైనం లాంటి పూతతో గింజలుగా చేసి అమ్మడం మొదలైంది. 'పొడి చవగ్గా దొరుకుతోంది, గిన్నెలో వేసి కలిపేద్దాం' అని ఎవరైనా సలహా ఇస్తే వినకపోవడమే మంచిది. ఎంజైము కొంటే ద్రవరూపంలో, లేదా పూత ఉన్న గింజల రూపంలోనే కొనాలి. మాస్కు, గాలి బయటికి లాగే ఫ్యాను లేకుండా ఆ సంచీ విప్పకూడదు.

అమ్మకం సంగతి మరీ తిరకాసు. కొనేవాళ్లు ఇక్కడ లేరు. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ఉన్నారు, వాళ్లు పెద్ద కంపెనీల పేర్లకు అలవాటుపడ్డారు. కాబట్టి చిన్న యూనిట్‌కి ఆలోచన ఉంటే ద్రవం గోలీతో కాక డిష్‌వాషర్ పొడితో మొదలుపెట్టడం తెలివైన పని. సోడియం కార్బొనేట్, సిట్రేట్, పెర్‌కార్బొనేట్, నురగ రాని సబ్బు పదార్థం కొద్దిగా, పూత ఎంజైములు... తేమ తగలని డబ్బాలో ఇవి బాగానే నిలుస్తాయి. కవరు తంటా ఉండదు. చెంచాతో కొలుచుకుని వేసుకోవడానికి ఇల్లాలికి వచ్చిన కష్టమూ లేదు. కడిగిన నీళ్లు ఎక్కడికి పోవాలో మాత్రం యూనిట్ పెట్టకముందే తేల్చుకోవాలి. నక్కవాగు ఏమైందో ఈ జిల్లా వాళ్లకు ఇంకొకరు చెప్పాలా?

నోట్లో పెట్టుకుంటే

గోలీ అందమే దాని ప్రమాదం. 2012 తర్వాత అమెరికాలో బట్టల సబ్బు గోలీలను మిఠాయి అనుకుని కొరికిన పసిపిల్లలు వేల సంఖ్యలో ఆసుపత్రుల పాలయ్యారు. మతిమరుపు జబ్బున్న వృద్ధులు తిని చనిపోయిన సందర్భాలూ ఉన్నాయి. 2018లో అయితే కుర్రకారు పందెం వేసుకుని మరీ కొరికి, వీడియోలు తీసి పెట్టారు! చిక్కటి ద్రవం కావడంతో మామూలు సబ్బు నీళ్లకన్నా ఇది గొంతుని, ఊపిరితిత్తుల్ని ఎక్కువ దెబ్బతీస్తుంది. పిల్లలు వేళ్లతో నొక్కినప్పుడు చిట్లి కళ్లలో పడటం కూడా మామూలే.

ఐరోపా సమాఖ్య 2015 జూన్ నుంచి బట్టల సబ్బు ద్రవం గోలీలకు కొన్ని షరతులు పెట్టింది. 20 డిగ్రీల నీళ్లలో వేస్తే కనీసం 30 సెకన్లు లోపలి ద్రవం బయటికి రాకూడదు. 300 న్యూటన్ల ఒత్తిడిని, అంటే సుమారు 30 కిలోల బరువుని తట్టుకోవాలి. పొరలో చేదు పదార్థం ఉండాలి, అది నోట్లో ఆరు సెకన్లలోపే తెలియాలి. బయటి డబ్బా లోపలి రంగులు కనిపించనిదై ఉండాలి. ఆ చేదు కోసం ఎక్కువగా వాడేది డెనటోనియం. స్కాట్లాండ్‌లో 1958లో బయటపడిన ఈ పదార్థంతో పోలిస్తే కాకరకాయ, వేపాకు లెక్కలోకే రావు.

చేదు పెట్టారు కదా అని ధీమాగా ఉండకూడదు. చేదు తెలిసేది కొరికాకే. డబ్బాని పొయ్యి కింద అరలో కాకుండా పిల్లలకు అందని ఎత్తులో పెట్టాలి. అందమైన గాజు సీసాలోకి మార్చి షోకేసులో పెట్టడం లాంటి సరదాలు వద్దు. ఒకవేళ పిల్లవాడు కొరికితే నోరు కడిగి, నోట్లో మిగిలింది వేలితో తీసేయాలి. వాంతి చేయించకూడదు. మింగింది మళ్లీ గొంతులోంచే వస్తుంది, నురగ ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. కళ్లలో పడితే ధారగా నీళ్లు పోస్తూ 15 నుంచి 20 నిమిషాలు కడగాలి. ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. డబ్బాని వెంట పట్టుకెళ్తే డాక్టరుకి అందులో ఏముందో తెలుస్తుంది.

మొదట అడిగిన ప్రశ్నకి వద్దాం. కవరు ఏమైనట్టు? కరిగింది. కరగడం వేరు, లేకుండా పోవడం వేరు. ఉప్పు నీటిలో కనిపించదు, కానీ ఉంటుంది. ఈ పొరని తినే సూక్ష్మజీవులు ఉన్న మాట నిజం. మురుగు శుద్ధి కేంద్రాల్లో అలవాటుపడిన సూక్ష్మజీవులు దాన్ని విరగ్గొడతాయని కంపెనీలు పరీక్షలు చూపిస్తాయి. 2021లో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు మాత్రం అమెరికాలో గోలీల నుంచి నీటిలో కలిసే పొరలో ముప్పావు వంతు శుద్ధి కాకుండానే బయటికి పోతోందని లెక్కగట్టారు. ఆ పరిశోధనకి డబ్బిచ్చింది పొర లేని సబ్బులమ్మే కంపెనీ అని పరిశ్రమ ఎదురు తిరిగింది. ఇరుపక్షాల్లోనూ వ్యాపారం ఉంది మరి! పొరకు సురక్షితమన్న గుర్తింపు తీసేయాలని 2022లో వేసిన అర్జీని అక్కడి పర్యావరణ సంస్థ 2023లో తోసిపుచ్చింది. వాదన ఇంకా నడుస్తూనే ఉంది.

ఆ వాదనంతా శుద్ధి కేంద్రాలు ఉన్న ఊళ్ల గురించి. జాలారి నీళ్లు నేరుగా అరటిచెట్టు పాదులోకో, వీధి కాలువలోకో పోయే ఇంట్లో లెక్క వేరు. బూడిద నీళ్లకు, సబ్బు బిళ్ల నీళ్లకు అరటి ఓర్చుకుంటుంది. మిషన్ నీళ్లు బాగా క్షారంగా ఉంటాయి. సోడియం లవణాలూ ఎక్కువే. రోజూ పాదుకి పోస్తే నేల గట్టిపడి, ఆకు అంచులు మాడతాయి. ఊళ్లో ఎవరైనా డిష్‌వాషర్ పెట్టించుకుంటే ఆ గొట్టాన్ని ఇంకుడు గుంతకి కలపాలి తప్ప, చెట్ల వైపు వదలకూడదు.

ఇంకో మాట. మిషన్‌లో పెట్టే ముందు గిన్నెల్ని ఏరాలి. స్టీలు, గాజు, పింగాణీ నిక్షేపంలా పెట్టుకోవచ్చు. అల్యూమినియం గిన్నె క్షారానికి నల్లబడుతుంది. ఇనుప పెనానికి ఏళ్లుగా పట్టిన నూనె పూత ఒక్క వాయితో పోయి, మర్నాడు దోసె అంటుకుంటుంది. ఇత్తడి బిందె, రాగి చెంబు పెడితే రంగు మారి వెలవెలబోతాయి. వాటికి ఇప్పటికీ చింతపండే.